ఖాతము, రాశి, గుమ్మటము: ఆదవాని సీమలో ఘనఫల గణనము

తెలుగు వాఙ్మయచరిత్రలను రచించినవారెల్లరు పావులూరి మల్లన పేరును తప్పక స్మరించియున్నారు. కాని యాతని గణితమును కవిత్వపు కొలబద్దతో కొలిచి, పద్యముల ధారాశుద్ధిని గూర్చి రెండు మాటలు చెప్పి ముందునకు సాగుట పరిపాటి యైనది. శాస్త్రగ్రంథమును శాస్త్రముగనే చదువవలెను. అందలి సూత్రములు ఏ పనికొరకు పుట్టినవో ఆ పనిని గుర్తించిననే గాని వాని స్వభావము బోధపడదు. ఇచట నే నెత్తుకొన్న విషయము పరిమితమైనది. గోతిని, ధాన్యపు రాశిని, కోసిన దుంగను, కట్టిన గుమ్మటమును మన పూర్వులు ఎట్లు కొలిచిరి? ఒకే యాకృతికి స్థూల మనియు సూక్ష్మ మనియు రెండు ఫలములను ఏల చెప్పిరి? సూక్ష్మము తెలిసిన పిమ్మట కూడ స్థూలము ఏల నిలిచెను? ఆ రెంటి నడిమి భేదము లోకములో ఎవరి పాలబడెను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ పరిశీలనమున కుద్దేశము.

దీనికి ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతమును దృష్టాంతముగా గ్రహించుటకు కారణములు కలవు. నేడు కర్నూలు జిల్లాకు పడమటి కొనగా నున్న ఈ నేల 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు బళ్లారి జిల్లాలోనిది. ఎమ్మిగనూరు అప్పటి ఆదవాని తాలూకాలోని యూరు. తొమ్మిదవ శతాబ్దమున ఇది రాష్ట్రకూట సామ్రాజ్యములో చేరియుండెను. మల్లన తెనిగించిన సంస్కృత గణితము ఆ సామ్రాజ్యముననే పుట్టినది. మఱియు ఇది తెలుగు కన్నడములు రెండును ఒకే వీథిలో వినబడు సీమ. జొన్న, కొఱ్ఱ, పత్తి పండు నల్లరేగడి. 1823 నాటి బళ్లారి జిల్లా వీథిబడుల వృత్తాంతము లిఖితముగా మనకు దక్కినది. కావున గ్రంథమునందలి సూత్రమును, బడియందలి చదువును, పొలమందలి కొలతను ఒక్కచోట నుంచి చూచుటకు ఇంతకన్న అనువైన స్థలము అరుదు.

మహావీరాచార్యుడు రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని (814–878) కాలమున, సుమారు 850లో, గణితసారసంగ్రహమును రచించెను. దీనిని మద్రాసున రంగాచార్యులవారు 1912లో ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. ఇది గ్రహగణితముతో సంబంధము లేక, వ్యవహారగణితమునకే యంకితమైన స్వతంత్రగ్రంథము. ఇందు సంజ్ఞలు మొదలు భిన్నములు, త్రైరాశికము, మిశ్రకము, క్షేత్రగణితము దాటి ఖాతవ్యవహారమునకును, తుదకు ఛాయావ్యవహారమునకును విషయము సాగుచున్నది. దీనినే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి మార్చెను. కవి కాలవిషయమున పండితులలో భిన్నాభిప్రాయము లున్నను, తెలుగున శాస్త్రరచనకు ఇది తొలిమెట్టని చెప్పుటలో విప్రతిపత్తి లేదు. మూలమందలి జైనచ్ఛాయలను తొలగించి శైవసంప్రదాయమునకు తగినట్లు మార్చుకొని, అతడు దానిని తనదిగా చేసికొనెను. పద్యరూపమున నుండుటచే సూత్రము కంఠస్థమగుట కనుకూలించినది.

మన గణితగ్రంథములలో ఘనఫల ప్రకరణముల పేర్లను గమనింపుడు. త్రవ్వకము ఖాతవ్యవహారము, ఇటుకల పేర్పు చితివ్యవహారము, ఱంపపుకోత క్రకచవ్యవహారము, ధాన్యపు కుప్ప రాశివ్యవహారము. యవన గణితమున ఈ విషయము గోళము, స్తంభము, శంకువు అను ఆకృతుల పేర్లతో విభక్తమై యుండగా, మనయొద్ద పనుల పేర్లతో విభక్తమైనది. ప్రతి పనికిని ఇద్దరు మనుష్యులు కలరు: చేయువాడొకడు, చేయించుకొనువాడొకడు, ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు. ఘనఫలము వారి నడుమ కుదిరిన యొడంబడికకు ఆధారము. ఈ సంగతిని మఱువక ముందునకు పోవుదము.

మొదట ఖాతము. నిలువుగోడల గుంటను కొలుచుట సులభము. పొడవు, వెడల్పు, లోతులను హెచ్చవేసిన చాలును. కాని నేలలో ఎవ్వరును నిలువుగోడలతో లోతుగా త్రవ్వలేరు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి జాఱును. కావున గుంట పైన విశాలముగను అడుగున ఇరుకుగను ఉండును. పైముఖము 10 మూరల చదరము, అడుగు 4 మూరల చదరము, లోతు 9 మూరలు గల గుంటను ఉదాహరణముగ తీసికొందము. మహావీరాచార్యుడు దీనికి మూడు ఫలములను చెప్పెను. ముఖభుజమును అడుగుభుజమును కలిపి సగముచేసి, ఆ సగటు భుజమునకు క్షేత్రఫలము కట్టి లోతుచే గుణించినది కర్మాంతిక ఫలము. ఇచట సగటు భుజము 7; దాని వర్గము 49; 49 × 9 = 441 ఘనపు మూరలు. ముఖక్షేత్రఫలమును అడుగుక్షేత్రఫలమును కలిపి సగముచేసి లోతుచే గుణించినది ఔండ్ర ఫలము. 100, 16 కలిపిన 116; సగము 58; 58 × 9 = 522. ఈ రెంటి భేదములో మూడవవంతును కర్మాంతికమునకు కలిపినది సూక్ష్మఫలము. భేదము 81; మూడవవంతు 27; 441 + 27 = 468. ఇది నేటి గణితమును ఒప్పుకొను సరియైన ఫలము.

ఈ మూడు సంఖ్యల నడిమి సంబంధమును విద్యార్థులు ఊరక ఒప్పుకొనరాదు. గుంటను మనస్సులో ముక్కలు చేసి చూడవలెను. నడుమ 4 మూరల చదరపు నిలువు గుంట యొకటి. దాని ఫలము 144. నాలుగు ప్రక్కల నాలుగు వాలుముక్కలు. ఒక్కొక్కదాని ఫలము 54, నాలుగింటికి 216. ఇంతవరకు ఎవరికిని వివాదము లేదు. మిగిలినవి నాలుగు మూలలు. ఒక్కొక్క మూల 3 మూరల చదరపు ముఖము, 9 మూరల లోతు గల సూచ్యాకార ఖాతము. నిలువుగా త్రవ్వినచో ఒక్కొక్క మూల 81 ఘనపు మూరలు. సూచీఖాతము అందులో మూడవవంతు, అనగా 27, నాలుగింటికి 108. మొత్తము 144 + 216 + 108 = 468. కర్మాంతికము ఈ మూలను పావుగా ఎంచుచున్నది. అందుచే నాలుగింటికి 81 మాత్రమే వచ్చుచున్నది. ఔండ్రము ఆ మూలనే సగముగా ఎంచుచున్నది. నాలుగింటికి 162 వచ్చుచున్నది. సత్యము మూడవవంతు. కర్మాంతికమున తక్కువ పడినది 27. ఔండ్రమున ఎక్కువ పడినది 54. గుంట చదరమైనను, దీర్ఘచతురస్రమైనను, గుండ్రనిదైనను, గోడలు సమవాలుగా నున్నంతవరకు ఈ ఒకటికి రెండు నిష్పత్తి తప్పదు. తగవంతయు మూలలలోనిది, పావు, మూడవవంతు, సగము అను మూడింటి నడిమిది.

ఈ సూక్ష్మసూత్రము మహావీరునితో పుట్టలేదు. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ఇది కలదు. అచట మొదటి ఫలమునకు వ్యావహారికమనియు, రెండవదానికి ఔత్రమనియు పేర్లు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు స్థూలములను విడిచి, ఒక్క మెట్టున సూక్ష్మమునే చెప్పెను: ముఖఫలము, అడుగుఫలము, రెండు భుజముల మొత్తముపై కట్టిన ఫలము, ఈ మూడింటిని కూర్చి ఆరుచే భాగించి లోతుచే గుణింపవలెను. మన గుంటకు 100, 16, 14 వర్గమగు 196; మొత్తము 312; ఆరవవంతు 52; 52 × 9 = 468. నేటి యింజనీర్లు కాలువల త్రవ్వకమునకు రెండు కొనల ఛేదములను, నడిమి ఛేదమునకు నాలుగు రెట్లను కూర్చి ఆరుచే భాగింతురు. అది ఈ సూత్రమే. 1945లో ఆరంభమై 1953లో పూర్తియైన తుంగభద్రా ఆనకట్టనుండి దిగువ కాలువ ఆదవాని, ఎమ్మిగనూరు పొలములకు నీరు తెచ్చుచున్నది. ఆ కాలువ గట్టుపై నిలిచి, వేయిన్నూఱేండ్ల క్రిందటి రాష్ట్రకూట గణకుని సూత్రము ఇట్టి త్రవ్వకములకే చెప్పబడినదని తలచుకొనుట అసందర్భము కాదు.

ఇచట శబ్దవిచార మొకటి యవసరము. కర్మాంతిక శబ్దము స్పష్టము. కర్మాంతమునకు, అనగా పనిపాటలకు, సంబంధించినది. ఔండ్ర శబ్దమును చూచినంతనే తెలుగువారికి ఓడ్ర దేశమును, త్రవ్వకపు పనిలో ఆరితేరిన ఒడ్డెలును తలపునకు వత్తురు. కర్మాంతికము యజమానుని లెక్క యనియు, ఔండ్రము ఒడ్డెల లెక్క యనియు చెప్పినచో కథ ఎంతయో సొగసుగా కుదురును. ఏలయన ఔండ్రమున కూలి ఎక్కువగా వచ్చును. కాని సొగసు ప్రమాణము కాదు. బ్రహ్మగుప్తుని గ్రంథమున ఈ పదము ఔత్రమని యుండుట ఈ వ్యుత్పత్తికి అడ్డు నిలుచుచున్నది. ఓడ్రశబ్దమునుండి ఔత్రరూపము సాధింపరాదు. కావున ఈ ఊహను ఊహగానే విడువవలెను. పరిశోధక విద్యార్థులు ఇట్టి ధ్వనిసామ్యములకు లోబడరాదని హెచ్చరించుటకే దీనిని ప్రస్తావించితిని.

పేరెట్లు వచ్చినను, ఫలము ఎవరికి లాభమో గణితమే చెప్పుచున్నది. మట్టిపని ఘనపు కొలతకు కూలి నిచ్చునది. త్రవ్వినచోట నడుమ నడుమ కదల్పక విడిచిన మట్టిదిమ్మెలు లోతునకు సాక్ష్యము చెప్పును. వానిని చూచి పై వెడల్పును, అడుగు వెడల్పును, లోతును కొలిచి సగటులు కట్టుదురు. భుజముల సగటును తీసికొనిన అది కర్మాంతికమే. పై గుంటలో త్రవ్వినవాడు 468 ఘనపు మూరల మట్టిని మోసి, 441కి కూలి పుచ్చుకొనును. నూటికి సుమారు 6 వంతులు వాని శ్రమ లెక్కలోనికి రాకపోయెను. ఒక గుంటలో ఇది స్వల్పము. చెరువుపనిలో ఒక కుటుంబపు గ్రాసము. అన్యాయము చేయవలెనను తలంపు ఎవరికిని లేకపోయినను, సూత్రమే ఒకవైపు మొగ్గియున్నది. స్థూలగణనమున తప్పు గాలివాటుగా అటు నిటు పోదు. ఎల్లప్పుడు ఒకే దిక్కునకు పోవును. ఇదియే ఈ పరిశీలనమునకు ప్రాణమైన యంశము.

సూక్ష్మము 628 నుండియే తెలిసియుండగా, కర్మాంతికము ఏల నిలిచెను? దీనికి సమాధానమును వీథిబడిలో వెదకవలెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన జిల్లా పాఠశాలలను గూర్చి వృత్తాంతమును పంపెను. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడే. ఆదవాని అప్పుడా జిల్లాలోనిది. 533 పాఠశాలలలో 6,641 మంది విద్యార్థులు. అందులో తెలుగుబడులు 226, కన్నడబడులు 235. బాలురు ఇసుకలో వ్రేలితో వ్రాయుచు అక్షరములు నేర్చుటను, ఎక్కములను వల్లించుటను, ధనమును కొలతలను మార్చు లెక్కలను అతడు వర్ణించెను. భిన్నములను గూర్చి అతడు చెప్పిన మాట మనకు ముఖ్యము: భిన్నములు పదులచొప్పున గాక నాలుగులచొప్పున దిగుచు చాల దూరము పోవుననియు, వానిని నేర్పుటకు గురువులు మిక్కిలి శ్రమపడుదురనియు అతడు వ్రాసెను.

నాలుగులచొప్పున దిగుట యనగా పావు, వీసము, కాని. ఒకటిలో నాలుగవవంతు, పదునాఱవవంతు, అఱువదినాలుగవవంతు. ఈ పద్ధతిలో సగము, పావు ఒక్క గీటుతో వ్రాయదగినవి. కాని మూడవవంతునకు ఇందు చోటు లేదు. పావును, వీసమును, కానిని కూర్చినను 64లో 21 మాత్రమే యగును. ఎంత దూరము దిగినను మూడవవంతు పూర్తికాదు. ఇప్పుడు మన గుంట మూలలను మరల చూడుడు. కర్మాంతికము మూలను పావుగా, ఔండ్రము సగముగా ఎంచుచున్నవి. సూక్ష్మము మాత్రమే మూడవవంతును కోరుచున్నది. కరణము లెక్కబలపమునకు సులభముగా లొంగు రెండు భిన్నములును తప్పు ఫలము నిచ్చునవి. సరియైన ఫలము నిచ్చునది లొంగనిది. స్థూలము నిలుచుటకు ఇది యొక ప్రబల కారణమై యుండునని నా యూహ. అజ్ఞానముచే గాక, వ్రాతపద్ధతి యొక్క సౌకర్యముచే స్థూలము నిలిచినదని దీని తాత్పర్యము.

ఇక రాశి. కళ్లములో తూర్పారబట్టిన ధాన్యమును కుప్పగా పోసినప్పుడు అది తనంతట శంక్వాకృతిని పొందును. బ్రహ్మగుప్త భాస్కరులు దీనికి చెప్పిన సూత్రము: కుప్ప చుట్టుకొలతలో ఆరవవంతును వర్గించి ఎత్తుచే గుణింపవలెను. ఎత్తును కొలుచుటకు వీలులేనిచో చుట్టుకొలతనుండియే గ్రహింపవచ్చును; శూకధాన్యమునకు తొమ్మిదవవంతు, స్థూలధాన్యమునకు పదవవంతు, అణుధాన్యమునకు పదునొకండవవంతు. గోడకు చేర్చిపోసిన కుప్ప సగము. గది లోపలిమూల కుప్ప పావు. వెలుపలిమూల కుప్ప ముప్పావు. ఒక ఘనపు మూర మగధదేశపు ఒక ఖారి యని లీలావతి చెప్పుటచే, పొడవు కొలతనుండి పాత్రకొలతకు దారి ఏర్పడినది. మన సీమలో ఆ స్థానమున కుంచము, తూము, ఇరువది తూముల పుట్టి నిలిచినవి.

ఎత్తును గూర్చిన నియమము ఎంత నిశితమైన పరిశీలన ఫలమో నేటి లెక్కవలన తెలియును. చుట్టుకొలతలో తొమ్మిదవవంతు ఎత్తనగా కుప్ప వాలు సుమారు 35 డిగ్రీలు, పదవవంతునకు 32, పదునొకండవవంతునకు 30కి కొంచెము తక్కువ. మీసముగల వడ్లు ఒకదానినొకటి పట్టుకొని నిటారుగా నిలుచును. కొఱ్ఱ, నువ్వు వంటి సన్నగింజ జాఱి పరచుకొనును. వాలునుబట్టి గింజస్వభావమును గుర్తించుట మన గణకులు పుస్తకమున గాక కళ్లమున నేర్చిన విద్య.

కాని ఘనఫలసూత్రమున మరల ఒకవైపు మొగ్గు కలదు. ఇందు పరిధిని వ్యాసమునకు మూడింతలుగా ఎంచిరి. అందుచే ఫలము సత్యముకన్న నూటికి సుమారు 5 వంతులు ఎక్కువగును. చుట్టుకొలత 30 మూరలు, ఎత్తు 3 మూరలు గల కుప్పకు సూత్రఫలము 75 ఘనపు మూరలు. శుద్ధశంకువునకు సత్యఫలము 71.6. రాశిని కొలిచి సగము పాలు పుచ్చుకొను నిబంధన గలచోట, ఈ సూత్రముతో అంచనా కట్టి 37.5 పుచ్చుకొనినచో, రైతునొద్ద మిగులునది 34.1 మాత్రమే. సగమను మాట సగము కాలేదు. ఖాతమున తక్కువపడిన ఫలము కూలివానికి నష్టము. రాశియందు ఎక్కువపడిన ఫలము రైతునకు నష్టము. రెండుచోట్లను తప్పు బలవంతుని వైపునకే జాఱినది. రైతు అంచనాకు ఒప్పుకొనక తూముతో కొలువుమని పట్టుపట్టుటలో అవిశ్వాసము మాత్రమే కాక గణితమును కలదని గ్రహింపవలెను.

1800లో ఈ ప్రాంతము నైజామునుండి కుంపిణీకి సంక్రమించెను. దత్తమండలమని దానికి పేరు. మన్రో 1807 వరకు ఇచట ప్రధాన కలెక్టరుగా నుండి పొలములను సర్వే చేయించి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. ఆ పద్ధతిలో నేలవైశాల్యమును, నేలతరగతియును ప్రధానములైనవి. రాశి ఘనఫలము సర్కారు లెక్కలో వెనుకబడి, క్షేత్రఫలము ముందునకు వచ్చెను. ఇది కొలత మాత్రమే మారుట కాదు. కరువు వచ్చినప్పుడు రాశి తగ్గును గాని పొలము వైశాల్యము తగ్గదు. వానదేవుని దయపై బ్రతుకు ఆదవాని మెట్టరైతునకు ఈ మార్పు ఏమి చేసినదో ఊహింప సులభము.

రాశి కళ్లమునుండి పాతరకు పోవును. పాతుట యను క్రియనుండి ఏర్పడిన ఈ పేరు జొన్న దాచుకొను నేలగోతికి చెల్లును. ఇరుకైన మూతి, క్రిందికి పోయినకొలది విశాలమగు కడుపు, చుట్టును గడ్డి. వాన తక్కువగు సీమలలో ఇది నమ్మదగిన గాదె. ఇట్టి గుండ్రని కడుపునకు గోళసూత్రము దగ్గర. మహావీరుడు వ్యాసార్ధపు ఘనమును తొమ్మిదిచే గుణించి సగము చేసినది స్థూలమనియు, దానిలో పదింట తొమ్మిదివంతులు సూక్ష్మమనియు చెప్పెను. 6 మూరల వ్యాసము గల గోళమునకు స్థూలము 121.5, సూక్ష్మము 109.35. సత్యము 113.1. స్థూలము నూటికి 7 ఎక్కువ, సూక్ష్మమనబడినది నూటికి 3 తక్కువ. 499లో ఆర్యభటుడు చెప్పిన సూత్రము సత్యముకన్న మూడవవంతు అధికముగ నుండుటను చూచినచో ఇది గొప్ప పురోగతియే. భాస్కరుడు మాత్రము పృష్ఠఫలమును వ్యాసముచే గుణించి ఆరుచే భాగింపుమని సరియైన త్రోవ చూపెను. యవనదేశమున ఆర్కిమిడీసు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దముననే ఈ సత్యమును సాధించియుండెను. సూక్ష్మమను పేరున్నంతమాత్రమున ఫలము సూక్ష్మము కాదని దీనివలన నేర్వవలెను. పేరు ఆనాటి విశ్వాసమును తెలుపును, ఫలము సత్యమును తెలుపును.

పృష్ఠఫలమున కవసరము కలిగించిన పనులలో ఱంపపుకోత యొకటి. దుంగను కోయువానికి కూలి కఱ్ఱ పరిమాణమునుబట్టి గాక, కోసిన ముఖపు వైశాల్యమునుబట్టి ఈయవలెనని లీలావతి మతము: రెండు కొనల మందములను కూర్చి సగముచేసి, పొడవుచే, కోతల సంఖ్యచే గుణించి, అంగుళములలో వచ్చిన ఫలమును 576చే భాగించిన మూరల చదరము వచ్చును. 24 అంగుళములు మూర; 24 వర్గము 576. కఱ్ఱ మెత్తనా, గట్టియా అనుదానినిబట్టి కూలి మారును. ఇచట గణితము శ్రమకు సరిగా కుదిరినది. ఱంపము తిరిగినంత మేరకే కూలి.

వంపు ముఖముల విషయము కఠినతరము. ఆదవానిలో 17వ శతాబ్దమున సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికిని నిలిచియున్నది. అప్పుడీ కోట బిజాపూరు సుల్తానులది. 1656లో ముగిసిన గోల్ గుంబజు వారి రాజధానిలోనిది. ఇట్టి గుమ్మటమునకు సున్నపుపూత ఎంత కావలెను? మహావీరుడు యజ్ఞకుండము వంటి గుంటలకును, తాబేటివీపు వంటి ఉబ్బులకును పరిధిలో నాలుగవవంతును విష్కంభముచే గుణింపుమని చెప్పెను. విష్కంభమును వంపుమీదుగా కొలిచినదిగా గ్రహించినచో, పల్లపు తాబేటివీపునకు ఇది చక్కగా సరిపోవును. 30 డిగ్రీల అర్ధకోణము గల ఉబ్బునకు తప్పు నూటికి 2 మాత్రమే. కాని పూర్తి అర్ధగోళమునకు నూటికి 21 తక్కువగును. తాబేటికొఱకు చెప్పిన సూత్రమును గుమ్మటమునకు తగిలించినచో, పూతపనివాడు అయిదవవంతు పనికి కూలి కోలుపోవును.

భాస్కరుడు ఈ చిక్కును విడదీసెను. ఉసిరికాయపై సహజముగా కనబడు గీతలవలె గోళమును నిలువుపాయలుగా విభజించి, ఒక్కొక్క పాయ వైశాల్యమును కూర్చి, గోళపృష్ఠము మహావృత్తక్షేత్రమునకు నాలుగింతలని సిద్ధాంతశిరోమణిలో ఉపపాదించెను. లల్లుడు చెప్పిన తప్పుసూత్రమును అచటనే ఖండించెను. అర్ధగోళమునకు ఫలితము పనివాని నాలుకపై నిలువదగినంత సులభము: గుమ్మటపు పూత, క్రింది వృత్తపు నేలకు రెట్టింపు. గోల్ గుంబజు లోపలి వ్యాసము సుమారు 38 మీటర్లు. నేలవృత్తము సుమారు 1,134 చదరపు మీటర్లు. అర్ధగోళముగా ఎంచినచో లోపలి ముఖము సుమారు 2,268. పారసీక గణితమున అల్‌కాషీ 1427లో ముగించిన లెక్కల గ్రంథమున గుమ్మటములను, కమానులను కొలుచుటకు ప్రత్యేక ప్రకరణమును వ్రాసెను. అక్బరు ఆజ్ఞచే 1587లో ఫైజీ లీలావతిని పారసీకమునకు మార్చెను. ఇట్లు రెండు గణితసంప్రదాయములును దక్కను నేలపై ఎదురెదురుగా వచ్చుటకు త్రోవ తెఱచియుండెను.

ఘనఫలముచే కొలువరాని వస్తువును ఈ సీమలోనే కలదు; అది పత్తి. వదులుగా పోసిన కుప్పకును, అదిమి కట్టిన బేలునకును పరిమాణములో పోలిక లేదు. అందుచే ఆదవాని విపణిలో పత్తికి తూకమే శరణ్యము. నేడు దేశమున బేలు 170 కిలోగ్రాములు. 1956 నాటి తూనికల కొలతల చట్టముతో మీటరు, కిలోగ్రాము దేశమంతట క్రమముగా స్థిరపడి, తూములును కుంచములును చట్టబద్ధమైన స్థానమును కోల్పోయినవి. అవి పోవుటతో స్థూలసూక్ష్మముల తగవు తీఱినదనుకొనరాదు. కాలువపనిలో కొనల ఛేదముల సగటును తీసికొనిన ఔండ్రమే వచ్చును. నడిమి ఛేదమును మాత్రమే తీసికొనిన కర్మాంతికమే వచ్చును. పాతపేర్లు మఱుగుపడినవి గాని పాత మొగ్గులు మఱుగుపడలేదు.

ఇంతవరకు చెప్పినదాని సారాంశ మిది. మన ఘనఫలగణితము పనులనుండి పుట్టినది. కావున అందలి ప్రతి తప్పునకును భరించువాడొకడు కలడు. సరియైన ఖాతసూత్రము ఏడవ శతాబ్దమునుండి తెలిసియే యున్నను, సగము పావుల వ్రాతపద్ధతికి స్థూలమే అనువై నిలిచెను. ఖాతమున అది కూలివానికిని, రాశియందు రైతునకును నష్టము కలిగించు దిక్కునకు మొగ్గినది. పావులూరివాని గణితము శాస్త్రమును తెలుగునకు తెచ్చుటలోని ఘనత కేవలము భాషాసేవ కాదు. కొలుచువాని చేతిలోని రహస్యమును కొలిపించుకొనువాని చెవికి అందునట్లు చేయుట యందు దాని విలువ కలదు. గ్రామకరణముల లెక్కపుస్తకములను, కైఫియతులను పరిశోధించు విద్యార్థులు ఇకమీదట అందలి అంకెలను ఎత్తివ్రాయుటతో తృప్తిచెందక, అవి కర్మాంతికములా, ఔండ్రములా, సూక్ష్మములా యని మరల కట్టి చూతురేని, శాసనములు చెప్పని చరిత్ర కొంత మనకు దక్కును. విజ్ఞులు ఈ దిక్కున దృష్టి సారింతురు గాక.